మొగ్గ పెట్టిన సకినాలు

రండి, ఇట్లా దగ్గరికి జరిగి కూర్చోండి. చాప పెద్దదే, అందరికీ చోటుంది. మా ఫ్యాను చప్పుడు ఎక్కువ. దూరంగా కూర్చుంటే సగం మాట దాని రెక్కల్లో పోతుంది, తీరా ఆ సగంలోనే అసలు సంగతి ఉంటుంది.

నేను మూడో తరగతి దాకా చదివాను. ఆ తర్వాత నేర్చుకున్నదంతా చెవులతోనే. అందుకే మా మనుమరాలికి నేనంటే ఇష్టం. పెద్ద బిడ్డ కూతురు. హన్మకొండలో బ్యాంకు పరీక్షకు కోచింగ్ తీసుకుంటూ నా దగ్గరే ఉంటుంది. రోజుకు ఇరవై ఇంగ్లీషు మాటలు, వాటి అర్థాలు, అవి ఎక్కడి నుంచి వచ్చాయో కూడా నేర్చుకోవాలట. ఎవరికైనా ఒకసారి చెబితే గానీ ఆమెకు మనసులో నిలవదు. కూర్చుని వినే తీరిక ఇంట్లో నాకొక్కదానికే ఉంది. నేను చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూ ఉంటాను, ఆమె నా ముందు కూర్చుని దేశదేశాల మాటలు చెబుతుంది. ఇప్పటికి నాకూ ఒక వంద వచ్చి ఉంటాయి. పరీక్షకు నన్ను పంపినా గట్టెక్కుతానని మా అల్లుడు ఎగతాళి చేస్తాడు.

మొన్న ఒక సాయంత్రం ఒక మాట చదివింది.

“యారొగెన్స్. అంటే పొగరు, అమ్మమ్మా.”

“ఏ పొగరు?” అన్నాను.

“పొగరుకు మళ్ల రకాలుంటయా?”

“ఎందుకుండయ్. తిన్నది ఒంటికి ఎక్కువైతే బలుపు. కొవ్వెక్కింది అన్నా గదే. తల తిప్పుకొని పోతే గీర. పెంకల జొన్నలు ఏంచుతాంటె కొన్ని ఎగిరి బయటవడ్తయ్ సూడు, గట్ల ఎగిరితే మిడిసిపాటు.”

“మరి పొగరు?”

“కాడి మెడ మీద పెట్టనియ్యని కోడెను మా నాయిన పొగరుమోతుది అనేటోడు. కానీ బిడ్డా, ఆ కోడెకు బలమైతె ఉన్నది. అది అబద్ధమాడుతలేదు.”

ఆమె పెన్ను నోట్లో పెట్టుకుని ఆలోచించింది. ఇంకా ఏమైనా ఉన్నాయా అని అడిగింది. అహంకారం ఉంది కదా అన్నాను. ఎప్పుడో భద్రకాళి గుడి దగ్గర పురాణం చెప్పే ఒకాయన దాన్ని విప్పి చెప్పాడు. అహం అంటే నేను. నేను, నేను అంటూ మనిషి లోపల ఒక బొమ్మను తయారు చేసుకుంటాడు, ఆ బొమ్మకు రోజూ నైవేద్యం పెడుతుంటాడు, అదే అహంకారమని. ఆ రోజు చాలామంది నవ్వారు. నేనూ నవ్వాను, ఎవరి గురించో చెబుతున్నాడనుకుని.

“ఇది లాటిన్‌ల నుంచి వచ్చింది అమ్మమ్మా,” అని మనుమరాలు ఫోను చూస్తూ చెప్పింది. “లాటిన్ అంటే శానా పాత భాష. ఆ మాటకు మొదట అర్థం అడుగుడు. అంటే తనకోసం అడిగి తీసుకునుడు. హక్కు లేకున్నా, తనది కాకున్నా, ఇది నాదే అని అడిగేటోళ్లను గట్ల అనేటోళ్లట.”

నా చేతిలో చిక్కుడుకాయ ఆగిపోయింది.

“ఆ దేశపోళ్లు గూడ సకినాలు పోసిండ్లా బిడ్డా?” అన్నాను.

ఆమెకు అర్థం కాలేదు. అర్థమయ్యేటట్టు ఆమెకు చెప్పిందే మీకూ చెబుతున్నాను.

అప్పుడు నాకు ముప్పై ఏళ్లు ఉంటాయేమో. వరంగల్‌లో మట్టెవాడ వైపు, ఇదే గల్లీలో ఉండేవాళ్లం. మా ఆయనది కిరాణా దుకాణం. ముందు గదిలో దుకాణం, వెనక రెండు గదుల్లో సంసారం. ఆ గల్లీలో ఎవరింట్లో పెండ్లి కుదిరినా ఆడవాళ్లందరం ఆ ఇంటికి చేరేవాళ్లం, సకినాలు పోయడానికి. పిల్లతో పాటు అత్తగారింటికి గంపలనిండా సకినాలు పోవాలి. ఒక్క ఇంటి చేతులతో అయ్యే పని కాదది.

సకినాలు ఎట్లా చేస్తారో తెలియని వాళ్లుంటే చెబుతాను. నానబెట్టిన బియ్యం పిండి పట్టించి, దాంట్లో నువ్వులు, వాము, ఉప్పు వేసి తడిపిండి కలుపుతారు. ఉతికిన ధోవతి నేల మీద పరుస్తారు. పిండిని వేళ్ల మధ్య మెలితిప్పుతూ ఆ బట్ట మీద గుండ్రంగా, చుట్టు పక్కన చుట్టు పోస్తారు. తడి ఆరాక నూనెలో వేస్తారు. సరిగా ఆరకపోతే పేలుతుంది. మామూలుగా పేలదు, టపాకాయలాగా పేలి కాగిన నూనె మీదికి చిమ్ముతుంది.

మా గల్లీకి ఒక పద్ధతి ఉండేది. ఒక వరుస పోయడం అయిపోగానే అందరూ ఒక్కో చోటు పక్కకు జరగాలి. నేను లేచిన చోట ఇటు పక్కామె కూర్చుంటుంది, నేను అటు పక్కామె చోటికి పోతాను. అట్లా జరుగుతూ జరుగుతూ సాయంత్రానికి అందరం బట్ట చుట్టూ తిరిగి వస్తాం. వంకరగా పోసేవాళ్లవి, చక్కగా పోసేవాళ్లవి, మొన్న మొన్న నేర్చుకున్నవాళ్లవి అన్నీ కలిసిపోతాయి. ఏది ఎవరిదో ఎవరూ అనకూడదు. విరిగితే తప్పు నూనె మీదికి నెట్టేవాళ్లం. బాగుంటే పెండ్లిపిల్ల అదృష్టం అనేవాళ్లం. ఈ పద్ధతి పెట్టింది గల్లీలో అందరికంటే పెద్దదైన పెద్దవ్వ. ఆమెకు చూపు తగ్గింది, చేతులు వణికేవి, అయినా బట్ట దగ్గర ఆమె చోటు ఆమెకుండేది.

ఇంత మంచి పద్ధతి నాకు మాత్రం మింగుడుపడేది కాదు. ఎందుకంటే నా మనసులో నేను గల్లీలోకెల్లా మొదటి చెయ్యి. బట్ట మీద ఎక్కడ చక్కని సకినం కనబడ్డా అది నాదే అనుకునేదాన్ని. వంకరదైతే ఇంకెవరిదో.

ఒకసారి గల్లీలో ఒకామె బిడ్డను కేసముద్రం ఇచ్చారు. మేమందరం గంపలతో పోయాం. అక్కడ పెండ్లికొడుకు మేనత్త ఒక సకినాన్ని ఎత్తి, వెలుతురుకు అడ్డంపెట్టి చూసింది. నాలుగు చుట్లు, సన్నగా, సందు లేకుండా.

“గింత సక్కగ ఎవ్వలు పోసిండ్లమ్మా?” అని అడిగింది.

పిల్ల తల్లి ఏదో తొందరలో ఉంది. పక్కన నిలబడ్డ మా ఎదురింటి వదిన వైపు చెయ్యి చూపించి లోపలికి పోయింది. వదిన ఔననలేదు, కాదనలేదు, నవ్వి ఊరుకుంది. ఆ మేనత్త వదిన చేతులు పట్టుకుని కళ్లకద్దుకున్నంత పని చేసింది. నేను పక్కనే ఉన్నాను. ఆ సకినం నాదని నాకు తెలుసు కదా మరి. నాలుగు చుట్లు సందు లేకుండా ఇంకెవరు పోస్తారు?

వచ్చేటప్పుడు బస్సులో వదిన నా పక్కనే కూర్చుంది. ఒక జామపండు కొని సగం నాకు పెట్టింది. పండు తీసుకున్నాను, తిన్నాను, వరంగల్ వచ్చేదాకా కిటికీలోంచి పొలాలు చూశాను. ఆమె రెండుసార్లు మాట కలపబోయింది. నాకు పొలాల మీద అంత ప్రేమ ఎప్పుడూ లేదు.

ఆ తర్వాత శ్రావణంలో ఆ ఎదురింటి వదిన బిడ్డ పెండ్లే వచ్చింది. తొర్రూరు సంబంధం. మూడు గంపల సకినాలు. తెల్లవారి పొద్దున్నే జీపు వస్తుంది, గంపలు ఎక్కాలి. వాళ్లది ఉన్న ఇల్లేమీ కాదు. ‘గంపలన్నా నిండుగా పోవాలె, నా బిడ్డ అక్కడ తలెత్తుకోవాలె,’ అని వదిన నాలుగు రోజులుగా అదే మాట అంటోంది. పొద్దున్నే ఎనిమిది మందిమి చేరాం. పక్కింటికి కొత్తగా వచ్చిన కోడలు కూడా వచ్చింది, పాపం, పిండి కలపడానికి తానే ముందుకొచ్చింది.

నేను మాత్రం ఇంట్లోంచే ఒక ఆలోచనతో బయలుదేరాను. సకినం పోయడం అయిపోయాక చివరి కొసను పక్క చుట్టుకు అతికించి వదిలేస్తాం కదా. నేను అట్లా అతికించకుండా ఆ కొసను చిన్న ఉండలాగా చుట్టి, మల్లెమొగ్గంత, అక్కడ పెట్టాలనుకున్నాను. చూసేవాళ్లకు తెలియదు, నాకు తెలుస్తుంది. రేపు తొర్రూరులో ఎవరైనా సకినం ఎత్తి మెచ్చుకుంటే మొగ్గ ఉందో లేదో చూస్తాను. ఉంటే, ఇది నాదమ్మా అంటాను. అందరి ముందు అంటాను. మాట కూడా సిద్ధం చేసుకున్నాను.

పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా పోస్తూ పోయాం. నవ్వులూ పాటలూ సాగాయి. వరుసకొకసారి పక్కకు జరుగుతూ నేను పోయిన చోటల్లా మొగ్గలు పెడుతూ పోయాను. ఎవరూ గమనించలేదు. బయట ముసురు. ఎండ లేదు. ఫ్యాను పెట్టి ఆరబెట్టాం.

మధ్యాహ్నం తిండి తిన్నాక పొయ్యి వెలిగించారు. వదినే కడాయి ముందు కూర్చుంది. మొదటి వాయి చక్కగా వచ్చింది. రెండో వాయిలో టప్పుమని ఒకటి పేలింది. వదిన చెయ్యి వెనక్కి గుంజుకుంది. మూడో వాయిలో రెండు. ఒక ముక్క ఎగిరి గోడమీద దేవుడి క్యాలెండరుకు తగిలింది.

“పిండి పల్సగైంది,” అంది ఒకామె.

“కొత్త కోడలు కలిపింది గద. నీళ్లెక్కువ వోసినట్టుంది.”

“కాదక్కా, సూస్కుంటనే పోసిన,” అంది కోడలు సన్నగా.

“ఏం సూసినవ్ బిడ్డా, నూనె నా మీదికి దుంకుతాంది,” అంది వదిన. తిట్టినట్టు అనలేదు, అలసిపోయి అంది. అంతే, ఆ పిల్ల కళ్లు నిండాయి. పుట్టింటి నుంచి వచ్చి నెల కాలేదు. తలవంచుకుని చీర కొంగుతో చేతులు తుడుచుకోవడం మొదలుపెట్టింది. పిండి ఎప్పుడో పోయింది చేతుల నుంచి, అయినా తుడుచుకుంటూనే ఉంది.

నాలుగో వాయి. మళ్లీ పేలింది. నేను దూరం నుంచి చూశాను. పేలిన ముక్కల్లో ఒకదానికి నా మొగ్గ ఉంది, లోపల తెల్లగా, పచ్చిగా. అప్పుడు అర్థమైంది. సన్నటి చుట్లు ముసురులోనూ ఆరాయి. మొగ్గ మందం కదా, దాని కడుపులో తడి అట్లానే ఉంది.

పొద్దున సిద్ధం చేసుకున్న మాట గుర్తొచ్చింది. ఇది నాదమ్మా. ఎంత తేలిక మాట. ఇంకొకటి పేలితే చెబుదాం అనుకున్నాను. ఇంకొకటి పేలింది. ఇంకొకటి చూద్దాం అనుకున్నాను.

వదిన కడాయి దింపేసింది.

“ఇగ నాతోని కాదు. ఏది పేల్తదో ఏది పేలదో ఎర్కలేదు. అంతా పారవోసి మళ్ల పిండి పట్టియ్యాలె. గిర్ని ఆయన ఉన్నడో లేడో. పొద్దున జీపొస్తది. ఏం జెయ్యాలె చెప్పుండ్లి?”

బట్ట మీద మూడు గంపల సకినాలు తెల్లగా పడుకుని ఉన్నాయి. కొత్త కోడలు ముక్కు ఎగబీల్చింది.

“నావి,” అన్నాను.

“ఏంది నీయి?”

“పేలేటియి. కోడలు తప్పులేదు, పిండిది తప్పులేదు. మొగ్గ ఉన్నయి నేను పోసినయి. మొగ్గ ఆరలేదు.”

“మొగ్గేంది?” అంది పెద్దవ్వ.

నేను వంగి ఒక సకినాన్ని చూపించాను. తర్వాత ఇంకొకటి. ఆడవాళ్లందరూ బట్ట మీదికి వంగారు. పక్కకు జరిగే పద్ధతి పుణ్యమా అని మొగ్గలు ఒక మూలన లేవు, ఈ కొస నుంచి ఆ కొసదాకా చల్లినట్టు ఉన్నాయి. ఒక్కసారి చూశాక ఎటు చూసినా అవే కనబడుతున్నాయి.

“ఎందుకు పెట్టినవే గివి?” అంది వదిన.

అబద్ధం ఏదీ దొరకలేదు. కేసముద్రం సంగతి, మేనత్త సంగతి, బస్సు సంగతి, అన్నీ చెప్పేశాను. ఆ రోజు మెచ్చుకున్న సకినం నాదని, ఈసారి అట్లా కాకుండా గుర్తు పెట్టుకున్నానని.

మొదట నవ్వింది పెద్దవ్వ. పళ్లు లేని నోటితో, ఒళ్లంతా ఊగేటట్టు.

“సకినానికి సంతకం వెట్టినవా బిడ్డా?”

“సంతకం ఒక్కటేంది అవ్వా, రిజిస్ట్రీ గూడ జేయించేది,” అంది ఒకామె.

“మీ ఆయనకు గూడ మొగ్గ వెట్టినవా అక్కా, ఎవ్వలన్న ఎత్కపోతరని?” అంది ఇంకొకామె.

“ఆయన్ని ఎవ్వలెత్కపోతరు, దుకాణంల బస్తల కింద ఎవ్వలకు దొర్కడు,” అన్నాను. నాకే నవ్వొచ్చింది. ఏడుపు కూడా వచ్చింది, అయితే నవ్వు ముందు వచ్చింది.

నవ్వులు తగ్గాక పెద్దవ్వ బట్ట మీద చెయ్యి పెట్టి ఒక మొగ్గ సకినాన్ని వేలితో తడిమింది. చూపు సరిగా లేదు కదా, ఆమెకు వేలే కన్ను. ఇంకొకటి తడిమింది. మరొకటి.

“కేసముద్రంల ఎత్తిన సకినానికి ఎన్ని సుట్లన్నవ్?”

“నాలుగు.”

“నీయి మూడే ఉన్నయి గదనే.”

నేను చూశాను. మొగ్గ ఉన్న ప్రతి సకినానికీ మూడే చుట్లు. ఇటు పక్కవీ మూడే, అటు పక్కవీ మూడే. నేను పోసేటప్పుడు నోరు నడుస్తుంది, చెయ్యి నడుస్తుంది, లెక్క ఎవరు పెడతారు? పైగా మా పద్ధతిలో నావి ఎట్లా ఉంటాయో నేను విడిగా ఎన్నడూ చూసి ఎరగను. మొదటిసారి చూసిన రోజే ఇట్లా చూడాల్సి వచ్చింది. మూడు చుట్లు, అక్కడక్కడ సందు. బాగాలేవని కాదు. ఏదో ఉన్నాయి.

నాలుగు చుట్లవి కూడా బట్ట మీద ఉన్నాయి, అక్కడొకటి ఇక్కడొకటి, సన్నగా, సందు లేకుండా. అవి ఎవరివో ఎవరూ అనలేదు. పెద్దవ్వ మాత్రం, చేతులు కడుక్కొస్తానని మెల్లగా లేచి పోయింది.

“బస్సుల నీకు చెప్దామనుకున్న,” అంది వదిన నాతో మెల్లగా. “అది నాది గాదు, అవ్వది అని. పిండి వట్టుకుంటె అవ్వ చెయ్యి వణకదు. నువ్వు కిటికి దిక్కు సూస్కుంట కూసుంటివి.”

ఇక నాకు ఏం మిగిలింది చెప్పండి. కొత్త కోడలి పక్కన కూర్చుని, ఒక్కొక్క మొగ్గను గోటితో గిల్లి తీసి కొస అతికించడం మొదలుపెట్టాను. ఆ పిల్ల తనంతట తానే సాయం పట్టింది. ‘ఇగో అక్కా, ఇక్కడొకటి దాక్కున్నది,’ అని నవ్వుతూ చూపించింది. ఆ నవ్వు చూశాక నాకు ఊపిరి ఆడింది. గిల్లిన పిండి ముద్ద దోసెడయింది. అంత పొగరు వేళ్లకు అంటుకుంటే కడుక్కోవడానికి రెండు చెంబుల నీళ్లు పట్టాయి.

ఒక్క సకినం దగ్గర వదిన నా చెయ్యి పట్టుకుంది.

“ఇది గిల్లకు. మొగ్గతోనే ఉండనియ్.”

“ఎందుకు వదినా?”

“జర ఆరినంక ముందుగాల ఇదే ఏస్త. గింత మందం మొగ్గే పేలకుంటె ఇగ ఏదీ పేలదు. అప్పుడు ఫికర్ లేకుంట అన్ని నూనెల గోలియ్యొచ్చు.”

అట్లానే చేసింది. ఇంకొక గంట ఫ్యాను కింద ఆరబెట్టి, కడాయి పొయ్యి మీద పెట్టి, మొగ్గ సకినాన్ని ముందు నూనెలో విడిచింది. అందరం నాలుగడుగులు వెనక్కి జరిగాం. బుడబుడలాడింది, రంగు తిరిగింది, పైకి తేలింది. పేలలేదు. వదిన దాన్ని తీసి నా చేతిలో పెట్టింది, తినమని. కరకరలాడింది. దీపాలు పెట్టే వేళకు మూడు గంపలూ నిండాయి.

తొర్రూరులో ఆడవాళ్లు సకినాలు బాగున్నాయన్నారు. ఎవరు పోశారని అక్కడా అడిగారు. వదిన నా వైపు చూసింది. నేను పెద్దవ్వ వైపు చూశాను. పెద్దవ్వ ఎటు చూసిందో ఎవరికి తెలుసు.

“మా గల్లీ పోసింది,” అంది వదిన.

అప్పటి నుంచి మా గల్లీలో ఎవరింట్లో సకినాలు పోసినా ఒక్కదానికి మొగ్గ పెట్టడం మొదలైంది. ముందు దాన్ని వేసి చూస్తారు. పేలకపోతేనే మిగతావి. మా గల్లీ ఆడపిల్లలు పెండ్లిళ్లయి ఎక్కడెక్కడికో పోయారు, ఆ పద్ధతిని వెంట తీసుకుపోయారు. పాలకుర్తి వైపు ఒక ఇంట్లో కూడా చూశానని ఒకామె నాతోనే వచ్చి చెప్పింది, అదేదో నాకు తెలియనట్టు.

ఈ మధ్యే పక్క గల్లీలో పెండ్లి. పెద్దవ్వ లేదు, వదిన మోకాళ్ల నొప్పితో కుర్చీలో కూర్చుంది. ఇద్దరు చిన్న వయసు కోడళ్లు పోస్తున్నారు. ఒకతె సకినానికి మొగ్గ పెట్టింది.

“గిదెందుకే?” అంది రెండోది.

“ముందుగాల ఏసి సూసేటందుకు. ఎప్పటిసందో ఉన్నది, పెద్దోళ్ల పద్ధతట. శానా తెలివిగల్లోళ్లు పెట్టిండ్లు.”

నాలుక చివరిదాకా వచ్చింది. నిజంగా నాది అని చెప్పుకోదగ్గది నా బతుకులో ఇదొక్కటే కదా. వదిన కుర్చీలోంచి నన్నే చూస్తోంది, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని. నేను ఒక సకినం తీసి నోట్లో పెట్టుకున్నాను. నోటినిండా సకినం ఉంటే మాట బయటికి రాదు.

ఇదంతా విని మనుమరాలు పుస్తకం మూసి నవ్వింది.

“చెప్పకపోయినవా అమ్మమ్మా? అది నీదే గద.”

“నాదెట్లయితది? మొగ్గ నేను పెట్టిన, కానీ గిల్లెయ్యకుంట ఉంచింది మీ ఎదురింటమ్మమ్మ. చెప్తే మళ్ల నీ లాటిన్ మాటలకే వడ్త.”

“ఇగ ఈ మాట ఎన్నడు మర్చిపోను,” అని పుస్తకంలో ఆ మాట పక్కన గుండ్రంగా ఏదో గీసుకుంది. ఒంగి చూశాను. మూడు చుట్ల సకినం, చివర ఒక మొగ్గ.

మీకు మాత్రం ఇవాళ చెప్పేశాను. బయట అనకండి. చీకటి పడకముందే ఇల్లు చేరండి. మీ ఇంట్లో పోసిన సకినం ఒక్కటీ పేలకుండా ఉండాలి, మీ కడాయి ముందు కూర్చున్న చెయ్యి కందకుండా ఉండాలి. పక్కకు జరిగి చోటిచ్చే మనుషులు మీ బట్ట చుట్టూ ఎన్నడూ తక్కువ కాకుండా, మీ ఇల్లు పిల్లలతో, నవ్వులతో చల్లగా ఉండాలి.